మేనకోడలికి ఒక ఉత్తరం: పరికరాన్ని నిద్రపుచ్చడం గురించి

చిరంజీవి మేనకోడలికి, తిరుపతి నుంచి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

కొత్త ఉద్యోగంలో నీకు లైనక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌లో, ఒక పరికరాన్ని నడిపే డ్రైవర్‌కు పవర్ మేనేజ్‌మెంట్ (పని లేనప్పుడు పరికరాన్ని నిద్రపుచ్చే కోడ్) రాసే పని అప్పగించారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమెకు అది కరెంటాఫీసు ఉద్యోగంలా వినిపించినట్టుంది. "ఇంత చదివి కరెంటు పనేమిటన్నా" అని దిగులు పడింది. నవ్వి సర్దిచెప్పాను గానీ, తర్వాత చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఆ కోడ్‌ను ముట్టుకునేది నువ్వేనన్న గర్వం ఒక పక్క, అందులో నేను తిన్న దెబ్బ గుర్తుకొచ్చిన భయం ఒక పక్క.

అందరికీ తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. పరికరం మొదట నిద్రలో ఉన్నట్టే కెర్నెల్ లెక్క వేసుకుంటుంది. కాబట్టి ప్రోబ్ సమయానికి, అంటే డ్రైవర్ పరికరాన్ని చేతిలోకి తీసుకునే వేళకు, అది మేలుకొని ఉంటే, రన్‌టైమ్ పీఎంను (సిస్టమ్ నడుస్తుండగానే, వాడని పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటును) ఎనేబుల్ చేయడానికి ముందే యాక్టివ్ అని చెప్పు. డ్రైవర్‌ను తీసేసే రిమూవ్‌లో డిసేబుల్ చేయడం మరవకు. నిద్రపుచ్చే సస్పెండ్‌లో ముందు వర్క్‌క్యూలను (వెనకాల నడిచే పనుల వరుసలను) ఆపి, ఆ తర్వాతే చిప్‌ను నడిపే క్లాక్‌ను ఆపు. క్లాక్ ఆగిన చిప్ రిజిస్టర్‌ను, పరికరం పిలుపుకు బదులిచ్చే ఇంటరప్ట్ హ్యాండ్లర్ చదివితే కొన్ని బోర్డుల్లో చిప్‌ల మధ్య డేటా నడిచే బస్సే బిగుసుకుపోతుంది, లాగ్‌లో ఒక్క ముక్క కూడా మిగలదు. ఇవన్నీ మీ సీనియర్లు చెబుతారు.

వాళ్లు చెప్పినా నువ్వు తలూపి వదిలేసే సంగతి ఒకటుంది. ఈ ఉత్తరం దాని కోసమే.

2012లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లోని బోరుబావుల్లో నీటిమట్టం కొలిచే డబ్బాలు కొన్ని తయారుచేశాం. చిన్న సోలార్ పలక, ఒక బ్యాటరీ, బావిలోకి దించిన సెన్సర్, దాని పొడవాటి కేబుల్, లోపల లైనక్స్ బోర్డు. సెన్సర్ డ్రైవర్ నాది. రన్‌టైమ్ పీఎం 2009 చివర్లో 2.6.32 కెర్నెల్‌తో వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను దాన్ని ప్రతిచోటా వాడేశాను. వాడుక లెక్క నీకు తెలిసిందే: గెట్ (పరికరం కావాలి) అంటే ఒకటి పెరుగుతుంది, పుట్ (పనైపోయింది) అంటే ఒకటి తగ్గుతుంది, సున్నా అయితేనే పరికరం నిద్రపోగలదు. నా ఫంక్షన్‌లో పైన గెట్, మధ్యలో సెన్సర్‌ను చదవడం, కింద పుట్ ఉండేవి. చదవడం విఫలమైతే మాత్రం ఎర్రర్ కోడ్ పట్టుకొని మధ్యలోంచే రిటర్న్ అయిపోయాను. పుట్ కింద ఉండిపోయింది.

టేబుల్ మీద ఆరు నెలలు ఒక్కసారి కూడా తప్పు చూపలేదు. నవంబరు వానలు మొదలవగానే ఒక్కొక్క డబ్బా ఆగిపోసాగింది. మబ్బు పట్టింది, పలకకు ఎండ లేదు, బ్యాటరీ దిగిపోయింది, ఇంతకన్నా ఏముంటుందని అందరం అనుకున్నాం. పెద్ద పలకలు కావాలని నోట్ రాసి సంతకం పెట్టింది నేనే. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెద్ద పలకలు పెట్టాక కూడా ఆగాయి. "ఎండ కాసినా మీ డబ్బా లేస్తాలేదు సామీ" అని ఒక రైతు అన్నప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు.

ఆ డబ్బాను ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి, అది చదువుతుండగానే కేబుల్ పీకాను. మళ్లీ తగిలించాను. రీడింగులు చక్కగా వచ్చాయి. గంట తర్వాత, పరికరం నిద్రలో ఉందో లేదో చూపే రన్‌టైమ్_స్టేటస్ ఫైలు చూస్తే "యాక్టివ్" అని ఉంది. రెండు గంటలకూ అదే మాట. వానకు కేబుల్ అతుకులోకి చెమ్మ దిగి ఒక్క రీడింగు తప్పితే చాలు, లెక్క ఒకటి మిగిలిపోయేది. ఆ తర్వాత ఎన్నిసార్లు సరిగ్గా చదివినా అది రెండుకెక్కి ఒకటికి దిగేదే తప్ప సున్నాకు చేరేది కాదు. సెన్సర్‌కు కరెంటు రాత్రీ పగలూ పారుతూనే ఉండేది. మబ్బుదేమీ తప్పు లేదమ్మా.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. గెట్ కోసం పిలిచే పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ పరికరాన్ని మేల్కొలపడంలో విఫలమైనా సరే, లెక్కను మాత్రం పెంచే వెళ్తుంది. చిన్నప్పుడు నువ్వు కొళాయి తిప్పి, నీళ్లు రాకపోతే అలాగే వదిలేసి ఆటకు పరుగెత్తేదానివి; అర్ధరాత్రి నీళ్లొచ్చి వాకిలంతా మడుగయ్యేది. సరిగ్గా అదే. అందుకే 2020లో, 5.10 కెర్నెల్‌కు, పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ చేర్చారు. మేల్కొలుపు విఫలమైతే లెక్కను అదే వెనక్కి తీసుకుంటుంది. నువ్వు అదే వాడు. గెట్ నెగ్గిన తర్వాత మాత్రం ఏ దారిన బయటికొచ్చినా పుట్ దాటి రావాల్సిందే. ఫంక్షన్‌కు బయటికి పోయే వాకిలి ఒక్కటే ఉంచి, ఎర్రర్లన్నిటినీ అక్కడికే గోటోతో (నేరుగా దూకించే ఆదేశంతో) పంపు. గోటో చూసి కాలేజీ మాష్టారు కోప్పడతారని జంకకు, కెర్నెల్‌లో అది మర్యాదైన పద్ధతే.

ప్యాచ్ (నీ కోడ్ మార్పు) పంపేముందు ప్రతి రీడ్‌నూ, ప్రతి రైట్‌నూ నీ చేత్తో ఒకసారి విఫలం చేసి, వాడుక లెక్క చూపే రన్‌టైమ్_యూసేజ్ మళ్లీ సున్నాకు వచ్చిందో లేదో చూడు. ఆ ఫైలు కనబడాలంటే పీఎం అడ్వాన్స్‌డ్ డీబగ్ అనే ఎంపిక ఆన్ చేసి కెర్నెల్ కట్టుకోవాలి. బద్ధకించావంటే నేనే ఫోన్ చేసి అడుగుతాను, నీ బద్ధకం నాకు తెలియనిది కాదు. అలాగని తెల్లవార్లూ కూర్చోకు. రాత్రి రెండింటికి కూడా నీ గదిలో లైటు వెలుగుతోందని మీ అమ్మ బాధపడింది.

ఆ డబ్బా ఇంకా నా అలమరలోనే ఉంది. గంగమ్మ జాతరకు వచ్చినప్పుడు నీ బోర్డు వెంట తెచ్చుకో. అదే బల్ల మీద పెట్టి, ఈసారి కేబుల్ నువ్వు పీకుదువు గాని.

ఆశీస్సులతో,
మీ మామయ్య