తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

చిరంజీవికి,

నీ కవరు అందింది. ముందు ఒక సంగతి. నన్ను 'గురువుగారూ' అనొద్దు, 'మాస్టారూ' అను చాలు. మన వేపు కండక్టర్నీ, ఇన్సూరెన్సు ఏజెంటునీ కూడా మాస్టారూ అనే పిలుస్తారు గనక అందులో నాకు పెద్దరికం రాదు, నీకు చిన్నతనమూ లేదు.

వ్యాసం పదహారు పేజీలూ చదివాను. భాష శుభ్రంగా ఉంది. మెచ్చుకోవడం అయింది.

సంస్కృతి మీద నాలుగు పేజీలు, రాజకీయాల మీద అయిదు, మిగతావన్నీ ఆనందం మీద. 'సంస్కృతి అంతరించిపోతోంది', 'రాజకీయాలు కలుషితమయ్యాయి', 'నిజమైన ఆనందం మనలోనే ఉంది'. ఇవి రాయడానికి గాజువాకలో పుట్టనక్కర్లేదు. ఎక్కడా పుట్టనక్కర్లేదు. పెన్సిలు పట్టుకుని మరీ వెతికాను, పదహారు పేజీల్లో ఒక్క రూపాయి కనపడలేదు. ఎవరూ ఏదీ కొనలేదు, అమ్మలేదు, అప్పు చెయ్యలేదు, చిల్లర లేదని విసుక్కోలేదు. ఆనందం గురించి నలుగురు విదేశీ తత్వవేత్తల్ని మాట్లాడించావు గానీ, వాళ్లలో ఒక్కడికైనా ఇంటద్దె బాకీ ఉన్నట్టు లేదు.

తొమ్మిదో పేజీలో మాత్రం, నాయకుల హామీల గురించి రాస్తూ రాస్తూ, 'మా తాత ఆర్ కార్డుని సింహాద్రి అప్పన్న పటం వెనక దాచేవాడు, శనివారం పటానికి బొట్టు పెట్టినప్పుడు దానికీ పెట్టేవాడు' అన్నావు. అంతే, ఫుల్‌స్టాప్. తర్వాతి వాక్యంలో ప్రజాస్వామ్యానికి నిర్వచనం! కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. మా ఆవిడ టీ పెట్టి రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు. తర్వాత కోపం వచ్చింది. ఇలాంటి వాక్యం చేతిలో ఉంచుకుని మిగతా పదిహేను పేజీలు ఎలా రాయగలిగావమ్మా?

ఆ కార్డేమిటో ఖమ్మం వాడికి తెలియదు, అనంతపురం వాడికి తెలియదు. ఉక్కు ఫ్యాక్టరీకి 64 ఊళ్ల భూములు పోయాయని, భూమి పోయిన కుటుంబానికి ఉద్యోగం ఆశ చూపించి చేతిలో పెట్టిన కాగితమే ఆర్ కార్డని, అది ఉండి కూడా ఉద్యోగం రాని ఇళ్లు వేలల్లో ఉన్నాయని నువ్వు చెప్పలేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం మొత్తం వాటా అమ్మకానికి ఒప్పుకుంది. సరిగ్గా యాభై ఏళ్ల ఏడు రోజులు. ఈ రెండు తారీఖుల మధ్య మీ తాత ఎన్ని శనివారాలు బొట్టు పెట్టాడో లెక్క కట్టు. అది రాజకీయం మీద వ్యాసం. సంస్కృతి కావాలా? ఆ ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మంచి పేర్లే, కాదనను. భూమి ఇచ్చిన ఊళ్లలో ఒక్కదాని పేరైనా ఆ మంటకి పెట్టాలని ఎవరికీ తోచలేదు చూడు, సంస్కృతి గురించి రాయాలంటే నేనైతే అక్కడ మొదలుపెడతాను.

నేనూ నీలాగే మొదలుపెట్టాను, దాచుకోవడం ఎందుకు. వన్‌టౌన్‌లో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాని. రాత్రిళ్లు వే బిల్లుల వెనక మానవత్వం గురించి రాసేవాణ్ణి. పదకొండుసార్లు తిరిగొచ్చాయి. చివరికి విసుగెత్తి మా వీధిలో దోసెలు పోసే పోలమ్మ గురించి, ఆవిడ మాటల్లోనే, ఒక కథ రాసి పంపిస్తే ఒక వారపత్రిక వేసింది. మనియార్డరు ముప్పై రూపాయలు వచ్చింది, పోస్ట్‌మేన్‌కి టీ డబ్బులు పోగా ఇరవై ఎనిమిది. పత్రిక తెచ్చి మా అమ్మకి చదివి వినిపించాను. 'నానేటి సేసినానని నన్నిలగ సూత్తన్నావు' అని నేను రాస్తే, 'నేనేమి చేశానని నన్నిలా చూస్తున్నావు' అని అచ్చయింది. కథ నిండా ఇదే వరస. అమ్మ చదువుకోలేదు. అంతా విని, 'ఇదేట్రా ఇలగుంది? పోలమ్మ గాని ఇలగ మాటాడితే నూతికాడ దాన్ని నీల్లట్టుకోనిత్తారేటి?' అంది. సంపాదకుడికి ఉత్తరం రాశాను. పాఠకుల సౌలభ్యం కోసం మార్చామని రెండు ముక్కల జవాబు. గురజాడ తిరిగిన నేల మీద నుంచి రాసిన కథకి! ఆ సంపాదకుడు ఇప్పుడు లేరు, నా కోపం ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లు అక్కడికి ఏమీ పంపలేదు. దానివల్ల ఆ పత్రికకి కలిగిన నష్టమేమీ లేదు.

ఇప్పటి సంపాదకులు యాస మార్చరు, పైగా యాస ఉంటే ముచ్చటపడతారు. వాళ్లకి సందేశం కావాలి. 'పాఠకుడు ఏం తీసుకెళ్లాలి మాస్టారూ?' అని అడుగుతారు, ఇదేదో పెళ్లిభోజనం దగ్గర తాంబూలం సంచీ అయినట్టు. నువ్వూ చివరి పేజీలో సంచీ కట్టి పెట్టావు. తీసెయ్యి.

1966 నవంబర్ 1న నేను అయిదో తరగతి. ఉక్కు ఉద్యమంలో పోలీసు కాల్పులు జరిగిన రోజు. రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు తెలిసిందల్లా ఒక్కటే, పోర్టులో కలాసీ పని చేసే మా నాన్న ఇంటికి రాలేదు. అమ్మ మూడుసార్లు పొయ్యి రాజేసి ఆర్పింది. బొగ్గులు దండగ అని తిడుతూనే ఉంది. ఆయన పదిన్నరకి చెప్పులు లేకుండా వచ్చాడు. చెప్పులు ఏమయ్యాయని అమ్మ అడగలేదు, వాటి ఖరీదు అడిగింది. నేను రాజకీయాల గురించి ఏం రాసినా ఆ ఖరీదు దగ్గరికే వెళ్తాను. నా స్నేహితులు దీన్ని నా పిచ్చి అంటారు. అననీ.

ఆనందం ఒక్కటే మిగిలింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట బంద్. నిషేధం అయ్యాక బోట్లు తిరిగొచ్చే రోజున తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకి వెళ్లు. తట్టల్లో కానాగంతలు, సూరలు, అదృష్టం బాగుంటే వంజరాలు. వేలం పాట పాడేవాడి నోటికి అడ్డుండదు. కిందటేడాది ఒకావిడ తట్ట మీద చెయ్యి వేసి, ధర తను అనుకున్నదానికి దిగేదాకా తియ్యలేదు. దిగింది. మొహంలో ఏమీ చూపించలేదు, చూపిస్తే మళ్లీ పెరుగుతుందని భయం. తట్ట నెత్తికెత్తుకుని పదడుగులు దాటాక, ఎవరూ చూడటం లేదనుకున్నాక, నవ్వింది. నీ నలుగురు తత్వవేత్తల్నీ అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టు.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరి చేత రాయించాలి అని అడిగావు. వాటి సంగతి మరోసారి.

మీ నాన్నమ్మ ఉంది అని రాశావు గదా. ఎకరానికి ఎంత ఇచ్చారో ఆవిణ్ణి అడుగు. ఆ డబ్బు ఎన్నాళ్లు వచ్చింది, దేనికి ఖర్చయింది, మొదట కొన్న వస్తువు ఏమిటి, ఇప్పుడు అది ఎక్కడుంది? చెప్పనంటే రెండు రోజులాగి మళ్లీ అడుగు. ఆవిడ అన్నమాట అన్నట్టు రాసుకో, నువ్వు దిద్దకు. కార్డు పటం వెనక నుంచి తీసేటప్పుడు మాత్రం ఆవిడకి చెప్పి తియ్యి, బొట్టు చెరిగిపోకుండా.

రాసింది పోస్టులోనే పంపించు, ఫోనులో పంపితే నాకు అక్షరాలు ఆనవు. మంగళవారం వద్దు, ఆ రోజు కంటి ఆసుపత్రికి వెళ్తున్నాను.

మీ మాస్టారు