చెమటకి బాల్ జారిపోతోంది, పాప చేతికి ఏం రాయాలి?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరండి. మా పాప ఎనిమిదో క్లాసు, స్కూల్ సాఫ్ట్‌బాల్ టీంలో పిచర్, అంటే బ్యాటర్‌కి బాల్ వేసేది. మొదట్లో బాగానే వేస్తాది గానీ అరగంట అయ్యేసరికి చెయ్యంతా చెమట, ఒక బాల్ కాళ్ళ ముందే పడిపోతాది, ఇంకోటి బ్యాటర్ నెత్తి మీంచి పోతాది. ఒకరు పౌడర్ రాయమన్నారు, ఒకరు వేళ్ళకి ప్లాస్టర్ చుట్టమన్నారు, ఆన్‌లైన్‌లో ఏదో గ్రిప్ స్ప్రే కూడా చూశాను. దాని చెయ్యి కూడా చిన్నదే. ఏటి చెయ్యమంటారు?

జవాబు: స్ప్రే ఇప్పుడే కొనకండమ్మా. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. కాళ్ళ ముందు పడిందంటే బాల్ చేతిలోంచి ముందే జారిపోయింది, అది చెమట పనే. కానీ నెత్తి మీంచి పోయేది చాలాసార్లు జారి పోయేది కాదు, జారిపోతుందేమో అన్న భయంతో పాప బిగబట్టి, చెయ్యి పైకి లేచాక ఆలస్యంగా వదులుతోంది. అంటే రెండు జబ్బులున్నాయి, చేతికి ఏదో రాస్తే రెండోది పోదు, ఇంకా ఎక్కువవుతుంది కూడా.

ముందు పట్టు చూడండి. బాల్ మీద కుట్టు ఒకచోట గుర్రపు లాడంలా వంపు తిరుగుతుంది, ఆ వంపుకి అడ్డంగా చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు కొసల మెత్తని భాగం కుట్టు మీద ఆనాలి, బొటనవేలు ఎదురుగా ఉండాలి. చిన్న చెయ్యి కదా, చిటికెనవేలు కూడా పైన పెట్టి నాలుగు వేళ్ళతో పట్టినా తప్పేం లేదు. అరచేతికీ బాల్‌కీ మధ్య పెన్సిల్ దూరేంత సందు ఉండాలి. అరచేతిలో కూరేస్తే మణికట్టు ఆడదు, చెమట కూడా బాల్‌కి ఎక్కువ అంటుతుంది. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోమనండి, ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు.

పెద్దవాళ్ళ బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 200 గ్రాముల లోపు. అమెరికాలో పదేళ్ళ లోపు పిల్లలకి 11 అంగుళాల బాల్ ఇచ్చి 35 అడుగుల దూరం నుంచే వేయిస్తారు, ఆడవాళ్ళ ఇంటర్నేషనల్ మ్యాచ్‌లో ఆ దూరం 43 అడుగులు. మీ పాప వేళ్ళు కుట్టు దాకా అందకపోతే కొన్నాళ్ళు 11 అంగుళాల దాంతో, దగ్గర నుంచి వేయమనండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇక చెమట. మన ఉక్కపోతకి ఎవరికైనా తప్పదు. నేను ఒక పిల్లని చూశాను, అచ్చం మీ పాప సమస్యే, రోజిన్ (పట్టు కోసం చేతికి తట్టుకునే జిగురు పొడి) ఇచ్చినా ఆగలేదు, చివరికి పక్కన నిలబడి పది బాల్స్ చూస్తే తెలిసింది ఏంటంటే ప్రతి బాల్‌కీ ముందు నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంటోంది, పొద్దున్నే వాళ్ళమ్మ తలకి పట్టించిన కొబ్బరినూనె, అదీ బాల్ వేసే చేత్తోనే! ఆట రోజు నూనె మానేసి, జడ బిగించి, చెమట తుడవడం గ్లవ్ చేతి వైపు భుజానికి మార్పిస్తే చాలావరకు సర్దుకుంది. మీరూ ఒకసారి గమనించండి.

టాల్కం పౌడర్ వద్దే వద్దు, పొడి చేతికి నున్నగా జారుతుంది, తడి చేతికి ముద్ద కడుతుంది. ప్లాస్టర్ ప్రాక్టీస్‌లో అలవాటు చేస్తే మ్యాచ్‌లో అంపైర్ తీయించేస్తారు, బాల్ వేసే చేతి వేళ్ళకి టేప్ చుట్టుకోకూడదు, ఆ మణికట్టుకి చెమట పట్టీ కూడా ఉండకూడదు. రూల్ ఒప్పుకునేది రోజిన్ పొడి, పైన్ చెట్టు జిగురు నుంచి వస్తుంది. పాత కాటన్ సాక్స్‌లో కాస్త పోసి మూటకట్టి, చెయ్యి తుడుచుకున్నాక వేళ్ళ కొసలకి ఒకటి రెండుసార్లు తట్టుకుంటే చాలు. చేతికే, బాల్‌కి గానీ గ్లవ్‌కి గానీ రాయకూడదు. ఎక్కువైతే బాల్ అంటుకుని మళ్ళీ ఆలస్యంగానే వదులుతుంది. ఇంట్లో గుగ్గిలం ఉంది కదా అని నూరి వాడకండి, అది వేరే చెట్టుది.

విజయనగరం జిల్లా కొండవెలగాడ ఊరి పిల్లలు బరువులెత్తే ముందు చేతులకి రాసుకునే తెల్ల చాక్ మీరు చూసే ఉంటారు, అది మెగ్నీషియం కార్బొనేట్, చెమట పీలుస్తుంది గానీ జిగురు ఉండదు. ప్రాక్టీస్‌కి బాగానే పనికొస్తుంది, మ్యాచ్‌లో వాడాలంటే మాత్రం ముందే అంపైర్‌ని అడగాలి. వేళ్ళు నాలుకతో తడుపుకునే అలవాటు ఉంటే బాల్ ముట్టుకునే ముందు తుడుచుకోవాలి, అదీ రూలే.

రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని మణికట్టుతో బాల్‌ని ఓ అడుగు పైకి తిప్పి వేసి పట్టుకోమనండి, రోజూ ఓ యాభై సార్లు. ముందే బాల్ చుట్టూ స్కెచ్ పెన్‌తో, వేళ్ళు తిరిగే వైపు ఒక గీత గీయండి. తిరిగేటప్పుడు అది ఒకే నల్ల చారలా కనబడితే పట్టు సరిగ్గా ఉన్నట్టు, అటూ ఇటూ ఊగుతుంటే ఏదో ఒక వేలు ఎక్కువ నొక్కుతోంది, ఏ వేలో పాపకే తెలుస్తుంది.