కిట్‌తో కట్టిన కారు ఆటబొమ్మలా కాకుండా అసలు కారులా కనిపించాలంటే ఏం చేయాలి?

ప్లాస్టిక్ కిట్లతో ఇప్పటికి అయిదారు 1/24 స్కేలు (అసలు కారులో ఇరవై నాలుగో వంతు కొలత) నమూనా కార్లను సూచనల కాగితం ప్రకారమే కట్టినా అవన్నీ చివరికి ఆటబొమ్మల్లాగే ఉంటున్నాయని, పల్చటి లోహపు రేకులతో చేసిన అదనపు భాగాల సెట్లు, ఒక మంచి ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే చిన్న పనిముట్టు) కొంటే ఈ లోటు తీరుతుందా అని మీరు అడిగారు. దాదాపు పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను కనుక చెబుతున్నాను, ఇప్పుడప్పుడే ఏమీ కొనకండి. మొదటి నాలుగేళ్లూ నేను అదనపు భాగాల మీదే ధ్యాస పెట్టి, రేడియేటర్ జాలీ దగ్గర్నుంచి సీటు బెల్టు బకిల్ దాకా అన్నీ తెచ్చి అతికించాను. వాటిని మోస్తున్న బాడీ మాత్రం దళసరి రంగుతో, పూడుకుపోయిన తలుపు గీతలతో బొమ్మగానే మిగిలింది. పైన పటారం లోన లొటారం అంటారు గానీ, నా కార్ల విషయంలో లోన పటారం, పైనే లొటారం.

కారు బొమ్మలా కనబడటానికి మూలకారణం మందం. ఈ సంగతి నాకు ఒక చిన్న లెక్కతో అర్థమైంది. కర్మాగారంలో కారుకు వేసే రంగు పొరలన్నీ కలిపినా సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటాయి. మనం నమూనా మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగు, పైపూత కలిపి అంతే మందం వేసినా, స్కేలు ప్రకారం అది అసలు కారుకు 2.4 మి.మీ. మందాన రంగు పట్టించినదానితో సమానం. అసలు కారులో తలుపుకూ బాడీకీ మధ్య సందు 4 మి.మీ. ఉంటే 1/24లో అది 0.17 మి.మీ. మాత్రమే. ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ వైరు 7 మి.మీ. లావుంటే మన దగ్గర 0.3 మి.మీ. చాలు. నేను మొదటిసారి ఇంజిన్‌కు వైర్లు బిగించినప్పుడు చేతికి దొరికిన 0.6 మి.మీ. తీగను వాడి మురిసిపోయాను. లెక్క వేస్తే అది పద్నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు లావు, అంటే ఇంజిన్ నిండా నీళ్ల గొట్టాలు పరిచినట్టే. ఏ భాగాన్ని చేర్చాలన్నా ముందు అసలు కొలతను 24తో భాగించి చూసే అలవాటు నాకు అప్పటి నుంచి వచ్చింది.

అందువల్ల బాగుచేయడం బాడీతోనే మొదలుపెట్టాలి. కిట్‌లోని బాడీ పలు పక్కల నుంచి కలిసే అచ్చులో తయారవుతుంది కాబట్టి, ఆ అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత ఒకటి పైకి లేచి ఉంటుంది. ఎక్కువగా ఇది ముందు, వెనుక మడ్‌గార్డుల పైఅంచు వెంబడి, టాపు మూలల మీదుగా సాగుతుంది. తెల్లని ప్లాస్టిక్ మీద కంటికి ఆనదు కానీ మెరిసే రంగు పడగానే బయటపడుతుంది. కత్తి బ్లేడు వీపుతో నెమ్మదిగా గీకి, ఆపైన 600, 1000 నంబరు గరుకు కాగితాలతో తడిపి రుద్దితే పోతుంది. గుంటలుంటే లప్పం పెట్టి, అది పూర్తిగా ఎండి కుంచించుకున్న తర్వాతే మళ్లీ రుద్దాలి. తొందరపడి ఆరకముందే చదును చేస్తే నెల తిరిగేసరికి అదే చోట రంగు కిందికి దిగి మచ్చ కనబడుతుంది.

తలుపులు, బోనెట్, డిక్కీ చుట్టూ ఉండే గీతలను ప్రైమర్ వేయడానికి ముందే లోతు చేసుకోవాలి. కిట్లలో వీటిని లోతు తక్కువగా చెక్కుతారు. మనం వేసే నాలుగైదు పొరలు వాటిలో చేరి పూడ్చేస్తాయి, ఆ తర్వాత తలుపు తెరుచుకునే తలుపులా ఉండదు, బాడీ మీద గీసిన బొమ్మలా ఉంటుంది. ఈ పనికి సన్నటి చెక్కుడు పనిముట్టును, అది లేకపోతే విరిగిన బ్లేడు మొననైనా వాడవచ్చు. ఒత్తిడి పెట్టకుండా, దాని బరువుతోనే అదే గాడిలో పది పదిహేనుసార్లు లాగాలి. ఒకే ఊపులో లోతు చేద్దామని నేను నొక్కినప్పుడు మొన జారి తలుపు మధ్య దాకా గాటు పడింది. ఆ గాటును పూడ్చడానికి పట్టిన సమయంలో మరో రెండు కార్ల గీతలు చెక్కి ఉండేవాడిని. చెక్కడం అయ్యాక బాడీని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగాలి, ఎందుకంటే అచ్చు నుంచి ముక్క సులువుగా ఊడిరావడానికి పూసే జిడ్డూ, మన వేళ్ల జిడ్డూ రంగును పట్టనివ్వవు.

ఇక రంగు. ఎయిర్‌బ్రష్ ఉంటే పొరలు పల్చగా వస్తాయన్నది నిజమే, కానీ స్ప్రే డబ్బాతోనూ చక్కటి పని చేయవచ్చు. నా మొదటి ఏడేళ్ల కార్లన్నీ డబ్బాలతోనే రంగు వేసినవి. డబ్బాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే (వేడి నీళ్లలో కాదు, మంట దగ్గరైతే అసలే కాదు) లోపలి ఒత్తిడి కొంత పెరిగి రంగు సన్నటి తుంపరగా వస్తుంది. పదిహేను, ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి మొదట మంచు పట్టినట్టు రెండు పలుచని పొరలు వేసి, అవి కాస్త ఆరాక మాత్రమే తడి మెరిసే పొరను వేయాలి. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్న రోజున లాకర్ రంగు (ఘాటైన థిన్నర్‌తో, త్వరగా ఆరే రకం) వేయకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి, నిగనిగలాడవలసిన రంగు పాలిపోతుంది.

ఈ విషయంలో నేను చేసిన పొరపాట్లు చాలానే ఉన్నాయి. ఎర్ర ప్లాస్టిక్‌తో వచ్చిన ఒక బాడీకి తెల్ల రంగు వేశాను. వారం తిరగకుండానే అది లేత గులాబీ అయింది, మరో పొర వేస్తే అదీ గులాబీ అయింది. లాకర్‌లోని థిన్నర్ ప్లాస్టిక్‌లో కలిపిన ఎర్ర రంగును కరిగించి పైకి లాగుతుందని అప్పటికి నాకు తెలియదు. తెల్ల రంగుకు ముందు ఒక వెండి రంగు పొర వేసి ఉంటే అది మధ్యలో అడ్డుగోడగా నిలిచేది. ఇంకోసారి ఎనామెల్ రంగు మీద లాకర్ పైపూత వేస్తే బోనెట్ మొత్తం ముడతలు పడి లేచింది. లాకర్‌లాంటి ఘాటైన థిన్నర్ ఉన్న రంగు కింద, ఎనామెల్‌లాంటి మృదువైనది పైన ఉంటే ఇబ్బంది లేదు, తలకిందులైతేనే తంటా. మెటాలిక్ రంగు ఎంచుకుంటే అసలు కార్ల మీద పడ్డ గీరలను కప్పడానికి వాడే రంగును నమూనా మీద వేయకండి. అందులోని లోహపు రేణువులు పూర్తి పరిమాణపు కారు కోసం చేసినవి కనుక, మన కారు మీద చమ్కీలు చల్లినట్టుంటుంది.

రంగు బాగా ఎండాక దాని మీద నారింజ తొక్కలాంటి గరుకు కనిపిస్తే 2000 నుంచి మొదలుపెట్టి అంతకంటే సన్నటి కాగితాలతో, సబ్బు చుక్క కలిపిన నీళ్లతో రుద్ది, చివర పాలిష్ పేస్టు పట్టించాలి. ఉబ్బెత్తు అంచుల దగ్గర రంగు చాలా పల్చగా ఉంటుంది. అక్కడ రెండుసార్లు ఎక్కువ రుద్దినా కింది ప్రైమర్ తేలిపోతుంది, కాబట్టి అంచులకు సన్నటి టేపు అతికించి మిగతా చోట్ల పని చేసుకోవడం మేలు. ఆపైన తలుపు గీతల్లోకి బాగా పలుచన చేసిన ముదురు బూడిద రంగు ఎనామెల్‌ను కుంచె మొనతో తాకిస్తే దానంతటదే పాకుతుంది. కింద లాకరో, పూర్తిగా ఎండిన యాక్రిలిక్కో ఉంటేనే ఇలా చేయాలి. నల్ల రంగు వాడేవారే ఎక్కువ, కానీ లేత రంగు కారు మీద అది కార్టూన్ గీతలా కొట్టొచ్చినట్టు ఉంటుందని నా అభిప్రాయం.

ఇక బంపర్లలాంటి క్రోమ్ (వెండిలా మెరిసే పూత) భాగాల సంగతి. కిట్‌లో వచ్చే క్రోమ్ అద్దంలా మెరుస్తుంది, పైగా దాని కింద అచ్చు గీతలు అలాగే ఉంటాయి. దానిమీద సగం మెరుపు వార్నిష్ పల్చగా వేస్తే సగం బొమ్మతనం పోతుంది. ఓపిక ఉంటే బట్టలకు వాడే బ్లీచ్‌లో నానబెట్టి క్రోమ్‌ను పూర్తిగా తీసేసి, గీతలు చదును చేసి, లోహపు రంగు వేసుకోవచ్చు. ఆ పని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, కిటికీలు తీసి ఉంచండి, బ్లీచ్‌లో మరే రసాయనమూ కలపకండి. క్రోమ్‌ను ఉంచేస్తే మాత్రం జిగురు పెట్టే చోట గీకాలి, ఎందుకంటే మనం వాడే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది, క్రోమ్ పొర మీద దానికి పట్టు దొరకదు.

కారు అద్దాలుగా వచ్చే పారదర్శక ప్లాస్టిక్ భాగాల దగ్గరికి సూపర్ గ్లూను రానివ్వకండి. దాని ఆవిరి తగిలి నా కారు ముందు అద్దం రాత్రికి రాత్రే మంచు పట్టినట్టు తెల్లబడింది, రుద్దినా పూర్వపు నిగారింపు రాలేదు. ఎండితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు చాలు. కిట్ అద్దాలు ఒక మిల్లీమీటరు మందం ఉంటాయి, అంటే అసలు కొలతలో 24 మి.మీ. అందువల్ల అద్దం అంచుకు నల్ల రంగు పూసి ఆ మందాన్ని దాచడం నాకు నచ్చిన చిట్కా.

అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేది చక్రాల అమరిక. కారు నాలుగు కాళ్ల మీద సమంగా నిలవకపోయినా, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మరీ ఎక్కువ ఖాళీ ఉన్నా చూపరి కన్ను వెంటనే పసిగడుతుంది. జిగురు పెట్టకముందే చక్రాలన్నీ ఆనించి, చదునైన గాజు పలక మీద పెట్టి, అసలు కారు పక్క ఫోటోతో పోల్చి ఎత్తు సరిచేయండి. టైరు నేలను తాకే భాగాన్ని గరుకు కాగితంతో కొద్దిగా రుద్దితే కొత్త వినైల్ మెరుపు పోతుంది. కొన్ని వినైల్ టైర్లను మెత్తబరిచే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికొచ్చి, తాకిన ప్లాస్టిక్‌ను తినేస్తుంది. కట్టకుండా అటక మీద దాచిన నా కిట్ ఒకటి తెరిచేసరికి టైరు పక్కనున్న కిటికీ అద్దంలో గుండ్రంగా గుంట పడి ఉంది. కిట్ కొనగానే టైర్లను వేరే సంచిలో వేయండి.

లోపలి భాగాల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. సీట్లకు మెరుపు లేని రంగు, నేలకు కొద్దిపాటి నూగు, కనిపించే చోట బెల్టు ఉంటే చాలు. మూసిన అద్దాల గుండా అంతకు మించి కనబడదు.

అదనపు భాగాలు ఎప్పటికీ వద్దని నేను అనను. కిట్‌ను మార్చుకోవడం ఈ అభిరుచిలో మొదటి నుంచీ ఉన్నదే. అమెరికాలో ఏఎంటీ సంస్థ 1958లోనే ఒకే కారును మూడు విధాలుగా కట్టుకోగలిగేలా కిట్లు తెచ్చింది. కాకపోతే కొనే ముందు స్కేలు చూసుకోండి. అమెరికా కిట్లలో 1/25, జపాన్ కిట్లలో 1/24 ఎక్కువ. నాలుగున్నర మీటర్ల కారు మొదటి స్కేలులో 180 మి.మీ., రెండో స్కేలులో 187.5 మి.మీ. ఉంటుంది. చక్రాల విషయంలో ఈ తేడాను సర్దుకోవచ్చు గానీ, డాష్‌బోర్డులాంటివి అటూ ఇటూ మారిస్తే ఇమడవు.

ప్రస్తుతానికి మీరు కట్టిన కార్లలో మనసుకు అంతగా పట్టనిదాన్ని ఒకటి తీసుకుని, తలుపు గీతల్లో రంగు పారించడం, క్రోమ్ మెరుపు తగ్గించడం, చక్రాల ఎత్తు సరిచేయడం, ఈ మూడూ చేయండి. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, బల్లకు ఏడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఫోటో తీయండి. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1/24లో సుమారు అంతే కాబట్టి, అసలు కారును మనం చూసే తీరులోనే అది కనబడుతుంది. ఆ ఫోటోలో మొదట కంటపడే లోపం ఏదో, తర్వాతి కిట్‌లో దాని మీదే ఎక్కువ సమయం పెట్టండి.