మూడు రూపాయల వడ్డీ నెత్తిన ఉండగా ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నా వయసు 29. ఒడియా మీడియంలో బీకాం దాకా చదివాను, ఇంట్లో తెలుగే. ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద స్టోర్స్ లెక్కలు చూస్తూ నాలుగేళ్లయింది. చేతికి 18,500 వస్తుంది. మా ఆవిడ కుట్టుపనితో 4,500 తెస్తుంది. సొంత ఇల్లే, ఇంటి ఖర్చు 11 వేలు. నాన్నకు విశాఖలో ఆపరేషన్ చేయించడానికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాను. చెల్లి పెళ్లికి మా ఆవిడ బంగారం 40 గ్రాములు ఫైనాన్స్ కంపెనీలో పెట్టి రూపాయిన్నర వడ్డీకి 1,40,000 తీసుకున్నాను, ఎనిమిది నెలలుగా దానికి వడ్డీ కట్టలేదు. అమ్మ పేర, మా ఆవిడ పేర గ్రూపు లోన్లు 62 వేలు (కిస్తీలు నెలకు 5,600), క్రెడిట్ కార్డు 48 వేలు, యాప్ అప్పులు 18 వేలు ఉన్నాయి. రిజిస్టర్ కాని 3 వేల చీటీ 20 నెలలది, 12 కట్టాను, ఇంకా పాడలేదు, ఇప్పుడు పాడితే 52 వేలు రావచ్చు. రెండు ఎల్‌ఐసీ పాలసీలున్నాయి, పాతదానికి ఏడేళ్లుగా ఏడాదికి 12 వేలు కడుతున్నాను, రెండోది గత ఏడాది ఏజెంటైన బాబాయి దగ్గర తీసుకున్నాను. పీఎఫ్‌లో 74 వేలుంది. అది తీసేసి, ఉద్యోగం మానేసి, ఏడాది భువనేశ్వర్‌లో కోచింగ్ తీసుకుందామనుకుంటున్నాను. హైదరాబాద్‌లో 28 వేల ఉద్యోగం కూడా ఉందంటున్నారు. ఏది మంచిది? మా బావమరిది బండి లోనుకు జామీను సంతకం అడుగుతున్నాడు, పెట్టవచ్చా?

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత. ముందు మీ నెల లెక్క చూడండి, ఎందుకంటే మీ ఉత్తరంలో అప్పుల జాబితా ఉంది గానీ ఈ లెక్క లేదు. చేతి అప్పు వడ్డీ 3,000, గ్రూపు కిస్తీలు రెండూ కలిపి మీరు రాసిన ప్రకారం 5,600, కార్డుకు కనీస మొత్తం 2,400, యాప్‌లకు 3,500, చీటీ 3,000, పాలసీల ప్రీమియం నెలకు పంచితే 1,800. మొత్తం 19,300. ఇంటి ఖర్చు కలిపితే 30,300. మీ ఇద్దరి సంపాదన 23,000. నెలకు 7,300 తక్కువ పడుతోంది, అది కూడా బంగారం వడ్డీ కట్టకుండా. ఆ తక్కువనే కార్డు మీద గీకి, యాప్‌లో తీసి పూడుస్తున్నారు. అందుకే ఎంత కట్టినా అప్పు తగ్గినట్టు కనిపించడం లేదు. ఈ స్థితిలో జీతం ఆపి కోచింగ్‌కు వెళితే మొదటి మూడు నెలల్లోనే పీఎఫ్ డబ్బు కిస్తీలు, ఇంటి ఖర్చుల కిందికి పోతుంది, పుస్తకం ముందు కూర్చున్నా మనసు నిలవదు.

అప్పులన్నిటినీ మనకు అలవాటైన రూపాయి వడ్డీలోకి మార్చి చూడండి. క్రెడిట్ కార్డు వాళ్లు వేసేది దాదాపు మూడున్నర రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. అంటే నాలుగు రూపాయలకు దగ్గర. మీ ఊళ్లో మూడు రూపాయలకు ఇచ్చినాయన్ని అందరూ తిడతారు గానీ జేబులో ఉన్న కార్డు ఆయన కంటే ఖరీదు. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే కోసుకునే యాప్ అప్పు ఇంకా పైన. గ్రూపు లోన్ రెండు రూపాయల చుట్టూ ఉంటుంది. బంగారం రూపాయిన్నర. అదే బంగారం మీద ప్రభుత్వ బ్యాంకు ఏడాదికి 9 శాతం చుట్టూ, అంటే ముప్పావలా వడ్డీకి ఇస్తుంది. మీ ఇంట్లో ముప్పావలాకు అప్పు దొరికే తాకట్టు వస్తువు పెట్టుకుని మూడు, నాలుగు రూపాయలు కడుతున్నారు. మీ కష్టాల్లో సగం ఇదే.

కాబట్టి మొదటి పని బంగారాన్ని బ్యాంకుకు మార్చడం. పది గ్రాముల మేలిమి బంగారం 2025లోనే లక్ష దాటింది. ఆ ధరకే లెక్కేసినా 22 క్యారెట్ల 40 గ్రాములకు 3,66,000 వస్తుంది, దానిలో 75 శాతం అంటే 2,75,000 దాకా అప్పు పుడుతుంది. మీకు కావలసింది అసలు 1,40,000, ఎనిమిది నెలల వడ్డీ 16,800, చేతి అప్పు లక్ష, మొత్తం 2,56,800. ముప్పావలా చొప్పున నెలకు 1,930 వడ్డీ. ఇప్పుడు ఆ రెండింటికీ కలిపి పడుతున్న వడ్డీ 5,100. తేడా మూడు వేలకు పైన.

దీనిలో ఒక చిక్కుంది. ఫైనాన్స్ కంపెనీ నుంచి నగలు విడిపిస్తేనే బ్యాంకులో పెట్టగలరు, విడిపించడానికి చేతిలో డబ్బు లేదు. కొన్ని బ్యాంకులు తామే ఆ అప్పు తీర్చి నగలు తెప్పించుకుంటాయి, ముందు మీ జీతం పడే బ్యాంకులో అడగండి. వాళ్లు కాదంటే దగ్గరి బంధువును ఒక్కరోజు సర్దుబాటు అడగాలి. ఉదయం విడిపించి మధ్యాహ్నానికి బ్యాంకులో పెట్టి సాయంత్రం తిరిగిచ్చేయవచ్చు. ఆ ఒక్కరోజు కోసం వడ్డీ వ్యాపారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ఇంకో మాట. బంగారం మీ ఆవిడది. ఈ లెక్కంతా ఆమె ముందు పెట్టి, ఆమె సరేనన్నాకే కదలండి. అసలు ఒక నగ అమ్మేసి భారం దించుకుందామని ఆమే అనవచ్చు. అలా అంటే నాకు అభ్యంతరం లేదు, వడ్డీకి మిగిలే డబ్బు లెక్కలో అది ఇంకా మేలు. కానీ ఆ మాట మీరు ఎత్తకండి. బ్యాంకు అప్పుకు గడువు ఏడాదే ఉండవచ్చు, గడువు రోజు మరిచిపోతే నోటీసు, ఆ తర్వాత వేలం. తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.

చేతి అప్పు తీర్చేటప్పుడు డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకుని, నోటు చేతికి తీసుకోండి. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే అదీ వెనక్కి రావాలి. పెద్దమనిషే కదా అని మొహమాటపడి నోటు వదిలేసినవాళ్లు తర్వాత మళ్లీ కట్టిన సందర్భాలున్నాయి.

చీటీ ఈ నెలే పాడండి. అది రిజిస్టర్ అయిన చీటీ కాదని మీరే రాశారు. ఊళ్లోవాళ్లు నడిపే చీటీలో డబ్బు చివరిదాకా ఉంచడం అంటే రశీదు లేని పొదుపు. 60 వేల చీటీ ఎనిమిది కిస్తీలు మిగిలుండగా పాడితే మీరన్న 52 వేలు రావడం సాధ్యమే. రాగానే యాప్ అప్పులు 18 వేలు పూర్తిగా, కార్డుకు 34 వేలు కట్టేయండి. యాప్ అప్పు కట్టే ముందు ఆ యాప్ వెనక ఉన్న బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఎవరో చూసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2025 నుంచి తన వెబ్‌సైట్‌లో డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా పెడుతోంది. ఎవరో వ్యక్తి యూపీఐకి పంపమంటే పంపకండి. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, టెన్షన్ పడి ఇంకో యాప్‌లో అప్పు తీయకండి.

కార్డులో ఇంకా 14 వేలు మిగులుతుంది. దానికి పాత పాలసీ పనికొస్తుంది. ఏడాదికి 12 వేల చొప్పున ఏడేళ్లు, 84 వేలు కట్టారు. సరెండర్ విలువ, అంటే మధ్యలో ఆపేస్తే వచ్చే మొత్తం, దానిలో సగానికి తక్కువ ఉండదు. దాని మీద 30 వేలు అప్పు తీసుకోవచ్చు, వడ్డీ నెలకు 250 చుట్టూ. పద్నాలుగు వేలు కార్డుకు, మిగిలిన 16 వేలు విడిగా ఖాతాలో పెట్టండి. పిల్లకు జ్వరం వచ్చినా, మిషన్ పాడైనా కార్డు బయటికి తీయకుండా ఉండడానికి అది. పాలసీని పెయిడ్-అప్ చేయించండి, ఇక ప్రీమియం కట్టక్కర్లేదు, ఇప్పటిదాకా చేరిన బోనస్ పోదు. గత ఏడాది బాబాయి దగ్గర తీసుకున్న రెండోది ఆపేయండి. 2024 అక్టోబరు నుంచి అమ్మిన పాలసీ అయి, ఏడాది ప్రీమియం కట్టి ఉంటే కొంత వెనక్కి వస్తుంది. ఏజెంటు బంధువైతే వద్దనడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు, ఈ వృత్తిలో ఉన్నా మాకూ అదే ఇబ్బంది. బీమా కోసం ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షలు, సురక్ష బీమా 20 రూపాయలకు ప్రమాద బీమా రెండు లక్షలు ఇస్తాయి, రెండూ చేరండి. పీఎఫ్ ఉన్నందుకు ఈడీఎల్‌ఐ కింద మీకు గరిష్ఠంగా 7 లక్షల దాకా బీమా ఉంది. ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది. అప్పు ఒడ్డెక్కాక 25 లక్షల టర్మ్ పాలసీ తీసుకుందురు.

ఇప్పుడు నెల లెక్క ఇలా ఉంటుంది: బంగారం వడ్డీ 1,930, గ్రూపులు 5,600, చీటీ 3,000, పాలసీ అప్పు వడ్డీ 250, ఇల్లు 11,000. మొత్తం 21,780. ఇంకా 1,220 మిగులుతుంది. తక్కువే, కానీ మిగులు. ఎనిమిది నెలలకు చీటీ, పదమూడు నెలలకు గ్రూపు కిస్తీలు ఆగుతాయి. అప్పటి నుంచి నెలకు పదివేల దాకా బంగారం అసలుకు కట్టవచ్చు. మొత్తం మూడేళ్లు పడుతుంది. ఇంతకంటే త్వరగా అయ్యే దారి ఎవరైనా చెబితే దానిలో కొత్త అప్పు ఉంటుంది.

గ్రూపులో కిస్తీలు సగం అవగానే కొత్త లోను ఇస్తామని అడుగుతారు. అమ్మ, మీ ఆవిడ ఇద్దరూ వద్దనాలి. 2022 నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు, మీవి ఇప్పుడే దాటాయి. ముందుగా కట్టేస్తే వాళ్లు జరిమానా వేయకూడదు, సాయంత్రం ఆరు దాటాక వసూలుకు రాకూడదు. రేషన్ కార్డు ఉంటే ఒడిశా ప్రభుత్వం మహిళలకిచ్చే సుభద్ర పథకం కింద మీ ఆవిడకు ఏడాదికి రెండు విడతల్లో 10 వేలు రావాలి. అది ఆమె డబ్బు, నగలు విడిపించడానికి వాడుకుంటారేమో ఆమెనే అడగండి.

నాన్నగారి ఆపరేషన్ గురించి చదివినప్పుడు ఒక సందేహం వచ్చింది. మీ మొత్తం జీతం 21 వేలు దాటదు కాబట్టి పే స్లిప్‌లో ఈఎస్‌ఐ కోత ఉండాలి. ఉంటే, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం దానిలోనే ఉంటుంది. కోత లేకపోతే కాంట్రాక్టర్‌ను అడగండి. అయిన ఖర్చు ఎలాగూ అయింది, ముందు ముందు చెకప్‌లు ఉంటాయి కదా. మనవాళ్లకు చికిత్స అంటే విశాఖే గుర్తొస్తుంది, కానీ ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఒడిశా రేషన్ కార్డుకు పనిచేయదు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. దాన్ని ఒడిశా బయట గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనూ వాడుకోవచ్చు. విశాఖలో మీరు వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కుని కార్డు చేయించుకోండి.

ఇక ఉద్యోగం. హైదరాబాద్ 28 వేల లెక్క చూద్దాం. గది, తిండి, బస్సు 11,500. ఇంటికి రాకపోకలు నెలకు 1,500 అనుకోండి. మిగిలేది 15 వేలు. మీరు లేనందుకు ఇంట్లో 2,500 తగ్గినా 17,500తో సమానం. ఇప్పుడు వస్తున్న 18,500 కంటే అది తక్కువ. 35 వేలకు తక్కువైతే ఆ ఆలోచన పెట్టుకోకండి.

పీఎఫ్ తీయకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే అది పన్ను లెక్కలోకి వస్తుంది, మీకింకా ఏడాది ఉంది. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే ఉద్యోగం చేస్తూనే రాయండి. ఒడిశా ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా అడుగుతారు, ఒడియా మీడియం చదివారు కాబట్టి మీకు అడ్డు లేదు. ఆంధ్ర ఉద్యోగాల్లో ఒడిశాలో చదివినవాళ్లు నాన్‌లోకల్ అవుతారు, అక్కడ సమయం వృథా చేయకండి. రైల్వే పరీక్ష ఒడియాలో గానీ తెలుగులో గానీ రాయవచ్చు. 2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజన్‌కు శంకుస్థాపన అయ్యాక ఉద్యోగాలు మనూరివాళ్లకే అని కొందరు ఆశపడుతుంటారు. ఎంపిక జరిగేది ఆర్‌ఆర్‌బీ (రైల్వే నియామక బోర్డు) పరీక్షతోనే, డబ్బు తీసుకుని పెట్టిస్తామనేవాళ్లను నమ్మకండి. కులం సర్టిఫికెట్ కూడా ముందే చూసుకోండి. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రలో బీసీ అయిన కులం ఒడిశా జాబితాలో లేకపోతే వయసు సడలింపు దొరకదు.

నాకు మాత్రం మీ బీకాం, మీ రెండు భాషలు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తున్నాయి. రాయగడ దుకాణాలకు సరుకు పార్వతీపురం, విజయనగరం, విశాఖల నుంచి వస్తుంది. రాష్ట్రం దాటిన ప్రతి బిల్లుకు ఐజీఎస్టీ అనే పన్ను, సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు అనే రవాణా పత్రం. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతి) ఉన్న వ్యాపారి సరిహద్దు అవతలికి సరుకు అమ్మకూడదన్న సంగతి చాలామంది చిన్న వ్యాపారులకు తెలియదు. అటు హోల్‌సేల్‌వాడితో తెలుగులో, ఇటు ఆఫీసులో ఒడియాలో మాట్లాడగలిగి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నులు తెలిసిన మనిషి ఆ వీధిలో ఖాళీగా ఉండడు. మూడు నెలలు సాయంత్రాలు నేర్చుకోండి. స్టోర్స్ లెక్కలు మీకు వచ్చు కాబట్టి కొత్త పని అనిపించదు. తర్వాత నాలుగు దుకాణాలు, ఒక్కోటి 1,500. ఇప్పటి జీతానికి నెలకు ఈ ఆరు వేలు కలిస్తే హైదరాబాద్‌లో మిగిలేదాని కంటే చేతికి ఎక్కువే, పిల్లను వదిలి వెళ్లనవసరం లేదు. ఆ డబ్బంతా బంగారం అసలుకు పోతే మూడేళ్ల గడువు రెండేళ్లకు దగ్గర పడుతుంది.

బావమరిది జామీను మాత్రం వద్దు. అతను కట్టకపోతే బ్యాంకు మీ జీతం వైపే చూస్తుంది, అతని ఆలస్యం మీ సిబిల్ (అప్పుల చరిత్ర) రికార్డులోనూ కనిపిస్తుంది. ఇంట్లో గొడవవుతుందనుకుంటే నా మీద పెట్టేయండి: 'సలహా అడిగితే ఆయన ఒప్పుకోలేదు' అని చెప్పండి. అతని బండికి ముందస్తు సొమ్ము ఎక్కువ కట్టగలిగితే జామీను లేకుండా లోను ఇస్తారేమో అదే బ్యాంకులో అడగమనండి.