చోడి (రాగి) అంబలి తాగుతున్నా బరువెందుకు తగ్గలేదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నా వయసు 42, ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. రోజంతా బట్టల దుకాణంలో కూర్చునే పని. మూడు నెలలుగా ఉదయం చోడి అంబలి తాగుతూ, రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు నడుస్తున్నాను. పది గంటల టిఫిను, ఐదారు టీలు, రెండు పూటలా అన్నం మామూలే. అయినా బరువు తగ్గలేదు. చోళ్ళు బరువు తగ్గిస్తాయన్నది నిజం కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: ‘మామూలే’ అన్న ఆ ఒక్క మాటలోనే మీ ప్రశ్నకు జవాబున్నది. మీరు అంబలిని వేరొక ఆహారానికి బదులుగా కాక, ఉన్నవాటికి అదనంగా చేర్చారు. చోళ్ళలో పీచు, కాల్షియం బియ్యంలో కంటె చాలా ఎక్కువే గాని, వంద గ్రాముల చోళ్ళలో సుమారు 320, అంతే బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి; అంటే శక్తి విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. కొండ గ్రామాలలో మండియా (చోడి అంబలి) తాగి పొలానికి నడిచి వెళ్ళే రైతుకు సరిపడిన ఆహారం, గల్లాపెట్టె ముందు కూర్చునే వ్యాపారికి ఫలహారంతో కలిపి తీసుకుంటే ఎక్కువే అవుతుంది. కనుక అంబలి తాగిన రోజున టిఫినుగా తినే బొరా (గారె), ఘుగునీ (బఠాణీల కూర) మానండి.

టీల సంగతి కూడా చూద్దాం. కప్పుకు రెండు చెంచాల చొప్పున ఐదు టీలలో పది చెంచాల చక్కెర, అంటే దాదాపు 200 కేలరీలు ఉంటాయి. మీ ఇరవై నిమిషాల నడకలో ఖర్చయ్యేది సుమారు 80 మాత్రమే. నడక వృథా అని నా అభిప్రాయం కాదు. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మీరు ఇప్పటికే 140 నిమిషాలు నడుస్తున్నారు. దానికి తోడు కండరాలకు పనిచెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులైనా అవసరం. గుడ్డ తానులు దించి సర్దే పనంతా కుర్రాళ్ళకే వదలక, గంటకొకసారి మీరే లేవండి.

అన్నాన్ని కంచంలో కాదు, ఎసట్లో పోసే ముందే కొలవాలి. మీ వంతు బియ్యంలో నాలుగో వంతు తగ్గించి, ఆ లోటును పప్పు, కూరగాయలతో భర్తీ చేయండి. గుమ్మడి, వంకాయ, పచ్చి బొప్పాయి పప్పులో వేసి వండే ఒడియా వంటకం దాల్మా ఇందుకు చక్కగా సరిపోతుంది, తాలింపులో నూనె తక్కువగా ఉన్నంతవరకు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్ల నూనె చాలు; ఐదు లీటర్ల డబ్బా నెలలోనే ఖాళీ అవుతుంటే తప్పెక్కడో తెలిసిపోతుంది.

ఎత్తుకు బరువు తగినంతే ఉన్నదా అని చూపే మీ శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 27. భారతీయులకు 23 లోపు ఉండటం మంచిది. పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు దాటరాదు. లెక్కప్రకారం మీరు 60 కిలోలకు చేరాలి గాని, ముందుగా ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గించుకోండి; రక్తపోటు, రక్తంలో చక్కెర అదుపులో ఉండటానికి ఆ తగ్గుదల కూడా ఉపకరిస్తుంది. ఈ రెండింటితో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి. బరువును వారానికొక్కసారే, పరగడుపున, ఒకే తూకం మీద చూసుకోండి.