విశాఖలో ప్రచారం చేసి వెళ్లిన రాత్రే హత్యకు గురైన రాజీవ్ గాంధీ అప్పటికి ప్రధానమంత్రేనా?

కాదు, 1991 మే 21న హత్యకు గురయ్యేనాటికి రాజీవ్ గాంధీ మాజీ ప్రధాని, కాంగ్రెస్ అధ్యక్షుడు. 1989 ఎన్నికల్లో పార్టీ మెజారిటీ కోల్పోవడంతో పదవి వదిలారు. హత్య జరిగిననాడు ప్రధాని చంద్రశేఖర్. విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన శ్రీపెరుంబుదూరు వెళ్లింది లోక్‌సభ ఎన్నికల కోసమే.

పదవి లేకపోవడం ఎంత తేడా తెచ్చిందో చెప్పడానికి ఆయన భద్రతే ఉదాహరణ. 1988 నాటి ఎస్పీజీ (ప్రధానికి భద్రత కల్పించే ప్రత్యేక రక్షణ దళం) చట్టం కాపాడింది పదవిలో ఉన్న ప్రధానినీ ఆయన కుటుంబాన్నీ మాత్రమే. మాజీ ప్రధానులకూ వర్తించేలా దాన్ని సవరించింది ఆయన పోయాకే. ఎంత ఆలస్యం!

‘విశాఖ నుంచి వెళ్లిన ప్రధానిని చంపేశారు’ అని ఇప్పటికీ అనేవారున్నారు. ప్రధానిగా ఉండగా, 1984 అక్టోబరు 31న హత్యకు గురైంది ఆయన తల్లి ఇందిరా గాంధీ.