పేకముక్కలు, నాణేల మ్యాజిక్‌తో బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో బీకాం రెండో సంవత్సరం. రెండేళ్లుగా యూట్యూబ్ చూసి పేకముక్కలు, నాణేలతో మ్యాజిక్ నేర్చుకుంటున్నాడు. రోజూ మూడు గంటలు అద్దం ముందే ఉంటాడు. డిగ్రీ మానేసి ఫంక్షన్లలో అతిథుల మధ్య తిరుగుతూ క్లోజప్ మ్యాజిక్ చేస్తానని, పిల్లలకు నేర్పుతానని అంటున్నాడు. ఆ ముక్కలు చూస్తేనే వాళ్ల నాన్నగారికి ఒళ్లు మండిపోతోంది. దీంతో బతకగలడా? – ఒక తల్లి

జవాబు: బతకగలడమ్మా. డిగ్రీ మాత్రం మాననివ్వకండి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు ఎక్కువగా సాయంత్రాలు, ఆదివారాలే కాబట్టి కాలేజీ ఈ పనికి అడ్డురాదు. పైగా లెక్కలు, బిల్లులు, పన్నులు తెలిసిన మెజీషియన్‌ని ఎవరూ తేలిగ్గా మోసం చేయలేరు.

నాన్నగారి కోపం పేకాట మీద భయం వల్ల వచ్చింది. హస్తలాఘవం, ఇంద్రజాలం రెండూ మన అరవై నాలుగు కళల్లో ఉన్నవేనని ఆయనకు చెప్పండి. అయితే ఆయన భయంలో ఒక న్యాయం ఉంది. ముక్కల మీద ఇంత పట్టున్నవాడు పందెం ఆటలో ఎప్పుడూ కూర్చోకూడదు, సంక్రాంతికి చుట్టాలతో సరదాకైనా సరే. ఒక్కసారి గెలిచాడంటే చాలు, మోసగాడన్న పేరు జీవితాంతం వెంటాడుతుంది.

నాకు కంగారు పుట్టించింది మీరు రాసిన ఆ అద్దం. అద్దం ఒక్క వైపు నుంచే చూపిస్తుంది. ఫంక్షన్ హాల్లో జనం మూడు వైపులా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా ఉంటారు. ఎడమ పక్క కుర్చీలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లాడికి అరచేతిలో దాచిన నాణెం కింది నుంచి దొరికిపోతుంది. ఇంకో సంగతి, అద్దం ముందే సాధన చేసేవాళ్లు అసలు పని జరిగే క్షణంలో తమకు తెలియకుండానే కన్ను ఆర్పుతారు. తాము చేసిన తప్పు తమకే కనిపించకుండా పోతుంది. అద్దం బదులు ఫోన్‌ని స్టాండుకు పెట్టి ముందు నుంచి, రెండు పక్కల నుంచి, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తు నుంచి వీడియో తీసుకోమనండి.

ఫ్రెంచ్ డ్రాప్‌నే తీసుకోండి. నాణేన్ని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి తీసుకున్నట్టు నటించే మొదటి పాఠమది. కొత్తవాళ్లు ఖాళీ పిడికిలిని గట్టిగా బిగిస్తారు, నాణెం ఉన్న చెయ్యి కర్రలా నిలబడిపోతుంది, చూపు దాని మీదికే పోతుంది. ముందు పదిసార్లు నాణేన్ని నిజంగానే మార్చుకుని, వేళ్లు ఎలా కదిలాయో, తల ఎటు తిరిగిందో గమనించాలి. పదకొండోసారి సరిగ్గా అదే కదలికతో నాణెం తీసుకోకుండా చెయ్యాలి. సాధనకు అమెరికా హాఫ్ డాలర్లు తెప్పించాల్సిన పనిలేదు, 27 మిల్లీమీటర్ల మన పది రూపాయల బిళ్ల సరిపోతుంది.

ఇక ఉద్యోగం లాంటి పని గురించి. రిసెప్షన్‌లో రెండు గంటలకు ఒప్పుకుంటే, ఒక్కో గుంపుకు ఏడు నిమిషాల చొప్పున పదిహేను, పదిహేడు గుంపులు అవుతాయి. అంటే అవే మూడు ట్రిక్కులు పదిహేను సార్లకు పైగా చెయ్యాలి. సామాను మళ్లీ సిద్ధం చేసుకోవడానికి పక్కకు వెళ్లాల్సిన ట్రిక్ ఎంత గొప్పదైనా ఇక్కడ పనికిరాదు. జేబులోనే సర్దుబాటు అయిపోవాలి. అలాంటివి తొమ్మిది, మూడేసి చొప్పున మూడు వరసలుగా తయారు చేసుకుంటే మొదటి ఏడాదికి చాలు.

విదేశీ వీడియోల్లో భోజనాల టేబుళ్ల దగ్గర చేస్తారు. మన దగ్గర అది కుదరదు. పప్పన్నం కలిపిన చేతికి పేకముక్క ఇచ్చి పట్టుకోమంటారా? వెల్‌కమ్ డ్రింక్ ఇచ్చే చోట, వధూవరుల్ని కలవడానికి నిలబడిన వరసలో, భోజనం అయ్యాక కిళ్లీల దగ్గర చెయ్యాలి. డీజే మోత ఉంటే మాటల మీద నడిచే ట్రిక్కులు పక్కన పెట్టి, కళ్లకు కనిపించేవే ఎంచుకోవాలి. మాటలు మాత్రం అతనివే అయి ఉండాలి. యూట్యూబ్‌లో విన్న ఇంగ్లిషు డైలాగులు కాకినాడ పెద్దమ్మ దగ్గర పేలవు. ప్రతి ట్రిక్‌కూ తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకుని బట్టీ పట్టమనండి.

ముక్కల విషయానికొస్తే, పూర్తి ప్లాస్టిక్‌వి విసనకర్రలా సరిగ్గా విచ్చుకోవు. కాగితపువి మంచివే గానీ సముద్రపు గాలికి ఉబ్బి వంగిపోతాయి, పెట్టెలో పెట్టి బరువు కింద ఉంచాలి. ఏసీ హాల్లో వేళ్లు ఎండి పట్టు జారుతుంది కాబట్టి అరగంట ముందు కాస్త హ్యాండ్ క్రీమ్ రాసుకోవాలి. ఒక్కో ఫంక్షన్‌కు రెండు కొత్త కట్టలు తీసుకెళ్లడం మంచిది.

ఆదాయం నెలనెలా ఒకేలా రాదు. ఆషాఢం, పుష్యం, మూఢాల్లో పెళ్లిళ్లుండవు. ఆ ఖాళీని నింపేది పాఠాలే. ఏప్రిల్, మే నెలల్లో వేసవి శిబిరాలు, జూన్ నుంచి స్కూళ్లలో వారానికో క్లాసు. అయితే నేర్పడం వేరే విద్య. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు పదిమంది, 45 నిమిషాలు, పది క్లాసులు అనుకుందాం. రబ్బరు బ్యాండ్లు, మీటరు తాడు, మూడు కాగితపు కప్పులు, 21 పేకముక్కలు ఉంటే సగం సిలబస్ అయిపోతుంది. చాలామంది చేసే తప్పు ఒకే క్లాసులో మూడు ట్రిక్కులు చెప్పెయ్యడం. పిల్లాడు ఆ సాయంత్రమే ఇంట్లో చూపించి దొరికిపోతాడు, ఏడుస్తాడు, తర్వాతి వారం రాడు. క్లాసుకు ఒక్కటే చెప్పి, చివరి పావుగంట ఒక్కొక్కర్నీ మిగతావాళ్ల ముందు నిలబెట్టాలి. పిల్లల చేతికి 63 మిల్లీమీటర్ల పోకర్ ముక్క వెడల్పెక్కువ, 57 మిల్లీమీటర్ల బ్రిడ్జ్ సైజు ఇవ్వాలి. నిప్పు, బ్లేళ్లు, చిన్న అయస్కాంతాలు క్లాసులోకి రానివ్వకూడదు. అయస్కాంతాలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. స్కూలుతో ఫీజు, క్లాసుల సంఖ్య, సామాను ఖర్చు ఎవరిదన్నది కాగితం మీద రాసుకోవాలి. క్లాసులో స్కూలు టీచర్ ఒకరు ఉండాలని అతనే అడగాలి.

శిక్షణకు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం ఇంద్రజాలంలో డిప్లొమా నడిపింది, ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఉందేమో చూడండి. మన బి.వి. పట్టాభిరామ్ గారు మ్యాజిక్‌కు వ్యక్తిత్వ వికాస శిక్షణను జోడించి పేరు తెచ్చుకున్నారు. మీ అబ్బాయికి బోధన అలాంటి రెండో కాలు కాగలదు. ఫంక్షన్‌కు సగం అడ్వాన్స్ తీసుకోవాలి. కంపెనీలు డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను (టీడీఎస్) వెనక్కి రావాలంటే ఆదాయపు పన్ను రిటర్న్ వెయ్యాలి. మంత్రంతో రోగం నయం చేస్తానని మాత్రం ఎక్కడా అనకూడదు, అలాంటి ప్రకటనలపై 1954 నాటి చట్టం ఉంది.

వచ్చే మూడు నెలల్లో తెలియనివాళ్ల ముందు యాభైసార్లు చెయ్యమనండి. ఎక్కడ దొరికిపోయాడో ప్రతిసారీ తేదీతో నోటుబుక్కులో రాయాలి. మొదటి ప్రదర్శన వాళ్ల నాన్నగారికే పెట్టండి. ఆయన్ని ఎడమ పక్కన తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టండి.